ముప్పై ఎనిమిది డిగ్రీల పగలు

రామ్‌చందర్ డెయిరీలో ఒకే మధ్యాహ్నం పద్నాలుగు బర్రెలు చచ్చిపోవడానికి కారణం దాణాలో కలిసిన విషమేనని హుస్సేనీ ఆలంలో మా గల్లీవాళ్లంతా నమ్మారు. అక్కడ పాలు పోయించుకునేవాళ్లు నమ్మారు, పోయించుకోనివాళ్లూ నమ్మారు. చదువుకున్నవాళ్లు ఇంకొంచెం గట్టిగా నమ్మారు. ఎందుకంటే వాళ్ల దగ్గర ఒక తర్కం ఉంది. ఏప్రిల్ చివర మొదలై మూడు వారాలపాటు ఎండ నలభై మూడుకు తగ్గలేదు. ఆ మూడు వారాల్లో ఒక్క బర్రె చావలేదు. ఎండ ముప్పై ఎనిమిదికి దిగిన రోజున పద్నాలుగు చచ్చాయి. కనుక చంపింది ఎండ కాదు. ముందురోజు సాయంత్రం అబ్దుల్ వాహెద్ దుకాణం నుంచి పత్తిగింజల చెక్క కొత్త బస్తాల్లో వచ్చింది. కనుక చంపింది అదే. మరి మిగిలిన ఐదు ఎందుకు బతికాయంటే, వాటికి పాత బస్తాలోది పెట్టారు కనుక.

వినడానికి లోపం లేని తర్కం. ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని, బాణామతి చేశారని మనుషుల పళ్లు ఊడగొట్టిన ఊళ్లకు వెళ్లి రచ్చల్లో నిలబడి వాదించి వచ్చినవాణ్ని. ఆ తర్కం ఎక్కడ జారిందో నాకు మూడో రోజుకే తెలిసింది. తెలిసి, పదకొండు రోజులు నోరు మెదపలేదు. ఆ పదకొండు రోజుల్లోనూ వాహెద్ అనే మనిషి ఈ గల్లీలో ఉంటాడా ఉండడా అన్నది తేలిపోవలసి ఉంది.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక పొద్దున రామ్‌చందర్ మా మేడ మెట్లెక్కి వచ్చాడు. అరవై దాటిన మనిషి. తాత నాటి నుంచి పాల వ్యాపారం. రేకుల కొట్టంలో పంతొమ్మిది బర్రెలు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు ఆ రోజు వచ్చీరాగానే గోడకు చేరగిలబడ్డాడు.

"సారూ, సగానికి సగం పాలు పడిపోయినయి. బర్రెలు మేత ముట్టుతలేవు. గిట్లనే ఉంటే ఒక్కొక్కటి కూలబడుతది. ఏదన్న ఉపాయం చెప్పున్రి."

మా మేడ మీద రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడుతుండేవి. ఒకటి మామూలుది. రెండోదాని గోళానికి పలచని నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీళ్లగిన్నెలో ముంచి ఉంచేవాణ్ని. అతన్ని తీసుకువెళ్లి రెండూ చూపించాను. పొడిది నలభై మూడు, తడిది ఇరవై ఒకటి.

"గుడ్డ చుట్టినందుకే సగం తగ్గిందా?" అన్నాడు నమ్మలేనట్టు.

"నీళ్లు ఆరేటప్పుడు వేడిని గుంజుకుంటయి. గాలి ఎంత ఎండిపోయి ఉంటే అంత జల్ది ఆరుతయి. ఇప్పుడు మన మీదున్న గాలి ఈడ పుట్టింది కాదు రామ్‌చందర్. అటు రాజస్థాన్ ఎడారి మీద, ఆ దిక్కు ఎండిన నేలల మీద రోజులకు రోజులు పడి ఉండి వచ్చింది."

"గాలి పడి ఉంటదా సారూ?"

"పత్తర్‌గట్టిల అత్తరు దుకాణంల పనిచేసే మనిషి ఇంటికొస్తుంటే ఏమైతది?"

"గల్లీ మొత్తానికి ఎరుకైతది."

"ఆ మనిషి అత్తరు పూసుకోలే. పొద్దంతా ఆడ కూసున్నడు, అంతే. గాలీ అంతే. ఎడారి మీద కదలకుండ వారం పది రోజులుంటే దానికి ఎడారి గుణం పడుతది. సముద్రం మీద ఉంటే సముద్రం గుణం. తర్వాత అది వందల మైళ్ల గాలి ఒక్క ముద్దగ కదిలి మన మీదికొస్తది. వాయురాశి అంటరు దాన్ని. ఇప్పుడొచ్చింది వేడిదే గాని, దాహంతోని ఉన్న గాలి. దానికి నీళ్లు చూపెట్టు. కొట్టానికి గోనెతెరలు కట్టి తడుపు. తెరల సందుల నుంచి వచ్చేటప్పటికి ఆ గాలే చల్లబడుతది."

గోనెసంచులకు రామ్‌చందర్ వెళ్లింది వాహెద్ దగ్గరికే. ముప్పై ఏళ్లుగా ఆ డెయిరీకి తవుడూ చెక్కా వాహెద్ దుకాణం నుంచే వస్తున్నాయి. ఖాళీ సంచులు అతని దగ్గర గుట్టగా ఉంటాయి. అతని భార్య అన్వరీ బేగం వాటిని విప్పి, ఒకదానికొకటి జోడించి, రెండు రోజులు మిషన్ మీద కుట్టి తెరలు చేసింది. కట్టే రోజున వాహెద్ కూడా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. పలచని మనిషి, గోరింటాకుతో ఎర్రబారిన గడ్డం.

"మాస్టర్ సాబ్," అన్నాడు నాతో, "ఖాళీ సంచులతోని ఏసీ చేస్తున్నరు. మా బేగం ఇది చూసినంక ఇగ నన్ను కూలర్ అడగది. సంచులు కుట్టుకో అంట నేను."

"ముందుగాల నిన్నే సంచిల ఏసి కుడుత," అంది అన్వరీ బేగం నేల మీద కూర్చున్నచోటు నుంచే. అందరూ నవ్వారు.

పడమర, ఉత్తర దిక్కుల తెరలు కట్టి తడిపించాను. గంటలో కొట్టం లోపల ముప్పై ఒకటికి దిగింది. మూడో రోజుకు బర్రెలు మేతకు వంగాయి. వారానికి పాలు తిరిగి వచ్చాయి. రామ్‌చందర్ కొడుకు రవీందర్ దాన్ని వీడియో తీసి "మా గల్లీ సైంటిస్టు" అని రాసి నలుగురికీ పంపాడు. యాకుత్‌పురా నుంచి కూడా పాడివాళ్లు వచ్చి చూసిపోయారు. నేను వాళ్లందరికీ ఓపికగా వివరించాను. నిజం చెప్పాలంటే, ఓపిక కాదు అది. అంతగా విన్నవాళ్లు నాకు తరగతి గదిలో కూడా దొరకలేదు.

ఆ ఉత్సాహంలోనే రవీందర్ తూర్పు, దక్షిణ దిక్కులు కూడా మూసేశాడు.

"నాలుగు దిక్కుల కట్టినం సార్. డబుల్ కూలింగ్!"

లోపలికి వచ్చిన గాలి బయటికి పోవడానికి దారి ఉండాలని నాకు తెలియనిది కాదు. థర్మామీటరు పట్టుకుని లోపలికి వెళ్లాను. ముప్పై చూపించింది. ఒక డిగ్రీ తగ్గింది కదా. మంచిదే అన్నాను.

మే మూడో వారంలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని రేడియోలో చెప్పారు. అప్పటిదాకా వాయవ్యం నుంచి వీచిన గాలి ఆగ్నేయం నుంచి వీచసాగింది. నలభై మూడు కాస్తా నలభై ఒకటి అయింది, మర్నాడు ముప్పై ఎనిమిది. గల్లీలో అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. గండం గడిచిందని ఎవరో అంటే నేనూ తల ఊపాను.

అంతకు వారం ముందే నాకు మోకాలి నొప్పి ఎక్కువై మేడ ఎక్కడం మానేశాను. పొడి థర్మామీటరును కిందికి తెప్పించుకుని కిటికీకి తగిలించుకున్నాను. తడిది పైనే ఉండిపోయింది. దాని గిన్నెలో నీళ్లు ఎప్పుడు ఇంకిపోయాయో నాకు తెలియదు. నా నోటుపుస్తకంలో తడి అంకె రాసే రెండో గడి తొమ్మిది రోజులుగా ఖాళీ.

మేడ ఎక్కేది నా భార్య సుశీలమ్మ. ముప్పై ఎనిమిదికి దిగిన ఆ పొద్దున వడియాల చీర మడతపెట్టి పట్టుకుని దిగివచ్చింది.

"మొన్న పెట్టిన వడియాలు ఇయ్యాళ్టికి గూడ మెత్తగనే ఉన్నయి. ఆరుతనే లేవు."

"ఎండ తగ్గింది కదా," అన్నాను.

"ఎండ తగ్గితే ఉడుకు తగ్గాలె గదా? నా రైక చూడున్రి, పిండితే నీళ్లు కారేటట్టున్నది."

"సుశీలా, ఎండనైనా ఉడుకునైనా కొలిచి చెప్పాలె. రైక పిండి చెప్పొద్దు."

ఆమె నా వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లింది. పదిన్నరకో, కొంచెం అటుగానో ఫోను మోగింది. రామ్‌చందర్.

"సారూ, కొట్టంల ఏదో తేడా కొడుతున్నది. బర్రెలు నాలుకలు బయటపెట్టి దమ్ము తీస్తున్నయి. రేకుల కింద ఆవిరి తేలుతున్నది. తెరలు పీకేద్దునా?"

నేను లేచి వెళ్లి చూడవలసింది. ఆ కొట్టం మా ఇంటికి రెండు వందల అడుగుల దూరం. కూర్చున్నచోటు నుంచే కిటికీకేసి చూశాను.

"ముప్పై ఎనిమిదే ఉన్నది రామ్‌చందర్. నలభై మూడులనే తట్టుకున్నయి కదా. తెరలు తీయకు, వేడిగాలి లోపలికొస్తది. ఇంకో రెండుసార్లు నీళ్లు కొట్టించు."

"గట్లనే సారూ," అన్నాడు. ఆ మనిషి ఏనాడూ నా మాట మీద రెండో మాట అడగలేదు.

రెండున్నరకు రవీందర్ కేకలు వినిపించాయి. నేను వెళ్లేసరికి తెరలన్నీ చింపి పారేశారు. కొట్టంలో నుంచి వచ్చిన గాలి ముఖానికి తడిబట్టలా తగిలింది. లోపల నేల కనిపించడం లేదు, నల్లని వీపులు తప్ప. కొన్ని కాళ్లు చాపి పడున్నాయి. కొన్ని మెడలు పైకెత్తి గాలి కోసం ఎగబీలుస్తున్నాయి. పశువుల డాక్టరు సామ్యూల్ ఒకదాని మెడలో సూది గుచ్చుతుండగానే పక్కది వాలిపోయింది. రామ్‌చందర్ బురదలో కూర్చుని, సుక్కి అని పిలుచుకునే పెద్దబర్రె తలను ఒళ్లో పెట్టుకుని చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. దాని నాలుక నీలమై అప్పటికి ఎంతసేపయిందో.

"లే సుక్కీ," అంటున్నాడు. "లే తల్లీ. నా మాట వినవా? లే."

అతని చేతిలో చెంబు తీసుకునే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది. సాయంత్రానికి పద్నాలుగు.

సామ్యూల్ పొట్టల్లోని మేతనూ, కొంత చెక్కనూ సీసాల్లో కట్టి పరీక్షకు పంపాడు. ఫలితం రావడానికి పదిహేను రోజులు పట్టవచ్చన్నాడు. రవీందర్ కొత్త బస్తా మీది తెలియని మిల్లు ముద్రను ఫోనులో చూపిస్తూ మాట్లాడింది మాత్రం పదిహేను నిమిషాల్లో ఊరంతా చేరింది. "దాణాల విషం" అన్నాడు మొదట. ఎవరు కలిపారో అతను చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. బస్తా ఎవరి దుకాణానిదో అందరికీ తెలుసు, ఆ దుకాణం మనిషి పేరేమిటో కూడా తెలుసు. వీడియో మూడో గల్లీకి చేరేటప్పటికి కింద ఎవరో ఆ పేరు కూడా రాశారు.

మూడో రోజు పొద్దున మోకాలు పట్టుకుని మేడ ఎక్కాను. ఎండిపోయిన గిన్నె కడిగి నీళ్లు నింపాను. పావుగంట ఆగి చూశాను. పొడిది ముప్పై ఎనిమిది. తడిది ఇరవై తొమ్మిది.

మూడు వారాల కిందట ఆ తేడా ఇరవై రెండు డిగ్రీలు, ఇప్పుడు తొమ్మిది. ఎడారి గాలి వెళ్లిపోయింది. సముద్రం మీద పడి ఉండి కడుపునిండా నీళ్లు తాగిన గాలి వచ్చి ఊరి మీద కూర్చుంది. దానికి దాహం లేదు. నాలుగు దిక్కులా మూసిన రేకుల కొట్టంలో, మండుతున్న కప్పు కింద, తడిసిన నేల మీద, పంతొమ్మిది బర్రెల ఊపిరితో కలిస్తే ఆ గాలిలో ఇంక ఒక్క చుక్కకు కూడా చోటుండదు. అసలే బర్రెకు చెమట తక్కువ. కొట్టంలో కట్టేసి ఉన్నదానికి ఒంట్లో వేడి బయటికి పోవడానికి ఊపిరే పెద్ద దారి. ఆ దారిని నేను తడి గోనెతో మూయించాను. తీయనా అని అడిగితే, తీయవద్దన్నాను.

కిందికి దిగేసరికి సుశీలమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"ఏమన్నది మీ మిషన్?"

"ఏం లేదు. ఉక్కపోత ఎక్కువున్నది."

"నేను చెప్పలేదా?" అంది. వంటింటి వైపు తిరుగుతూ, "రామ్‌చందరన్న ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లనే ఉన్న," అంది. ఆ సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

పరీక్ష ఫలితం వచ్చాక మాట్లాడదామనుకున్నాను. ఆధారం లేకుండా మాట్లాడకూడదన్నది నా జీవితమంతా నేను పాటించిన నియమం. ఇతరులకు నేర్పిన నియమం. దాని చాటున దాక్కోవచ్చునని మాత్రం ఆ పదకొండు రోజుల్లోనే తెలిసింది.

పోలీసులు వాహెద్‌ను పిలిపించి రెండు పగళ్లు బెంచీ మీద కూర్చోబెట్టి పంపారు. కొట్టలేదు. అడిగినవే అడిగారట. తిరిగి వచ్చేటప్పటికి దుకాణం ముందు ముప్పై నలభై మంది ఉన్నారు. నేను మూలమలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"తాతా, ఈ దుకాణం ఇగ తెరువకు," అన్నాడు రవీందర్. చిన్నప్పుడు తనను ఎత్తుకుని తిరిగిన మనిషిని అంటున్నానన్న ఇబ్బంది అతని గొంతులో కొంచెం ఉంది. చుట్టూ ఉన్నవాళ్ల కోసం దాన్ని మింగాడు.

"నేను ఏం కలిపిన బేటా? ఎందుకు కలుపుత? ఆ బర్రెలు నా దాణా తిని బతికినయి, నేను వాటి మీద బతికిన."

"గది రిపోర్ట్ చెప్తది."

వాహెద్ లోపలికి వెళ్లి అదే ముద్ర ఉన్న బస్తా మూతి కోశాడు. పిడికెడు చెక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. గరుకైన ఆ పొట్టును పళ్లు సరిగా లేని నోటితో నమిలాడు. మింగుడు పడక కళ్ల వెంట నీళ్లు కారాయి. ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

"దేఖో," అన్నాడు గడ్డం మీద పొడి రాలుతుండగా. "చూడున్రి అందరు. ఇంకెంత తినాలె చెప్పున్రి. తింట."

"బర్రెలకు పనిచేసేది మనుషులకు పనిచెయ్యదేమో తాతా," అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అందరి చేతుల్లో ఫోన్లు లేచి ఉన్నాయి. వాహెద్ దగ్గుతూ గడప మీద కూలబడ్డాడు. రవీందర్ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, దుకాణం షట్టరు తానే కిందికి లాగాడు.

నేను గొడుగు కొంచెం కిందికి దించుకుని ఇంటికి వచ్చేశాను.

మరుసటి వారం అన్వరీ బేగం మా ఇంటికి వచ్చింది. సుశీలమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు. బుర్ఖా కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది.

"భాయ్‌సాబ్, దుకాణం, ఇల్లు కిరాయికిచ్చినాయన శుక్రారం దాక రెండు ఖాళీ చేయమన్నడు. మా ఆయన అన్నం తింటలేడు. ఆ చెక్క తిన్న కాడికెళ్లి ఏది నోట్ల పెట్టినా కక్కుతున్నడు. మీరు ఒక్క మాట చెప్తె ఈ గల్లీ వింటది. మీరు చెప్పిన్రని దయ్యాలనే నమ్ముతలేరు వీళ్లు."

"రిపోర్టు రానీ అమ్మా," అన్నాను.

"శుక్రారం ముందుగాల వస్తదా?"

"చెప్పలేను."

"మరి వచ్చేదాక మేం యాడ ఉండాలె?" ఆమె గొంతు పెంచలేదు. "నేను కుట్టిన తెరల కిందనే చచ్చినయంట. ఆ సుక్కికి దినాం రొట్టె పెట్టేదాన్ని. చూసొస్తనంటే కూడా రానియ్యలే."

తెరలు అన్న మాట ఆమె నోట రాగానే నా నోట కూడా వస్తుందేమోననిపించింది. రాలేదు. సుశీలమ్మ ఆమెను తలుపుదాకా సాగనంపి వచ్చి, నా ముందున్న టీ గ్లాసును, నేను ఇంకా తాగుతుండగానే, తీసుకుని వెళ్లిపోయింది.

గురువారం పొద్దున తొమ్మిది గంటలకు రవీందర్ భార్య కీర్తిప్రియ వచ్చింది. ఇరవై అయిదేళ్ల పిల్ల. ఆ డెయిరీలో పాలు పిండేదీ, మేత వేసేదీ, పేడ ఎత్తేదీ ఆమే. చేతిలో పాలచెంబు ఉంది గాని మాకు పాలు పోయడం అప్పటికే ఆగిపోయింది. ఇంట్లో ఏదో సాకు చెప్పి వచ్చిందని అర్థమైంది.

"సార్, వాహెద్ తాతది తప్పు లేదు," అంది లోపలికి రాకుండానే. "బర్రెలను నేనే చంపిన."

సుశీలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చెప్పడం మొదలుపెడితే ఆగలేదు.

"ఆనాడు మామ మీకు ఫోన్ చేసి, తెరలు తీయొద్దన్నరని చెప్పి నీళ్లు కొట్టమన్నడు. నేను కొట్టిన. లోపల నాకే కళ్లు తిరిగినయి సార్. ఇగ ఉండలేక తూర్పు మూలకు ఉన్న తెర ఊడదీసిన. కొంచెం గాలి ఆడితే మల్ల కడుదామనుకున్న. మర్చిపోయిన. మీరు చెప్పిన్రు కద, తెర తీస్తే వేడిగాలి లోపలికొస్తదని. నేను తీసిన సందుల నుంచే వచ్చింది సార్. ఇంట్ల చెప్తే నన్ను బతకనియ్యరు. రేపు తాతోళ్లు ఎళ్లిపోతున్నరు. నాకు నిద్రపడ్తలేదు."

"తెర తీసినకాడ ఏ బర్రెలు కట్టి ఉన్నయి?" అని అడిగాను.

"ఆ ఐదే సార్. బతికినయే."

ఆమె చెప్పిన మాటను ఆమె వినలేదు. పద్నాలుగు రోజులుగా వినలేదు. మూడు వారాలు నేను చెప్పిన పాఠం అంత గట్టిగా తలకెక్కించుకుంది. తన ఒళ్లు చెప్పింది విని ఐదింటిని కాపాడి, నా మాట విని తనను తాను హంతకురాలిని చేసుకుంది.

నేను లేచి చొక్కా వేసుకున్నాను. "పద బిడ్డా," అన్నాను. ఆమె భయపడింది. సుశీలమ్మ చెప్పులు తొడుక్కుని ఆమె పక్కన నడిచింది. దారిలో వాహెద్ ఇంటి ముందు ఆగి అతన్ని కూడా రమ్మన్నాను. సామాను కడుతున్న తాడు చేతిలో అలాగే ఉండగా, ఎందుకని కూడా అడగకుండా వచ్చాడు.

డెయిరీ ముంగిట్లో రామ్‌చందర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీ కొట్టంకేసి చూస్తున్నాడు. రవీందర్, అతని స్నేహితులు పదిమంది దాకా ఉన్నారు. వాహెద్‌ను చూసి కొందరు లేచారు. నేను ఎవర్నీ మాట్లాడనివ్వకుండా చెప్పేశాను. గాలి మారిన సంగతి, తడి థర్మామీటరు ఎండిపోయిన సంగతి, ఫోను సంగతి. దాహం ఉన్న గాలికి తడి తెర మందు. నీళ్లు తాగి వచ్చిన గాలికి అదే తెర మూత అని చెప్పాను. ఎడారి గాలి పోయి సముద్రం గాలి వచ్చినా నేను ఒక్క పొడి అంకెనే చూశానని చెప్పాను. "ఈ చావులు నా మాట వల్ల జరిగినయి. వాహెద్ వల్ల కాదు," అన్నాను.

రవీందర్ నా దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా భుజం మీద చెయ్యి వేశాడు.

"సార్, మీ మనసు పెద్దది. ముసలాయన మీద జాలితోని మీరు మీద ఏసుకుంటున్నరు. మూడు వారాలు బతికించిన తెరలు ఒక్క పూటల ఎట్ల చంపుతయి సార్?"

వెనకనున్నవాళ్లు ఔనన్నారు. నలభై ఏళ్లు కూడబెట్టుకున్న నా మాట విలువ నా మీద నేను చెప్పిన ఒకే ఒక్క నిజానికి అడ్డం నిలబడింది.

"సారుకు నేను ఫోన్ చేసింది నిజం," అన్నాడు రామ్‌చందర్.

అందరూ అటు తిరిగారు. అతను నావైపు చూడకుండానే అన్నాడు.

"తీయనా అని అడిగిన. తీయొద్దన్నరు. నాకు యాదున్నది సారూ. మీ మాట తప్పయితదని నాకు తోచనే లే. తోచినా... ఎవలకు చెప్పుదు?"

వాహెద్ చేతిలోని తాడు నేల మీద పడింది. అతను రామ్‌చందర్‌నే చూస్తున్నాడు. "ముప్పై ఏండ్లు, రామ్‌చందర్," అన్నాడు చాలా మెల్లగా. రామ్‌చందర్ తల దించుకున్నాడు.

"ఫోన్ చేస్తే ఏమాయె?" అన్నాడు రవీందర్. "మరి ఆ ఐదు ఎట్ల బతికినయి? పాత బస్తాది తిన్నయి గనక బతికినయి. గది చెప్పున్రి ఫస్టు."

కీర్తిప్రియ సుశీలమ్మ వెనక నుంచి ముందుకు వచ్చింది. భర్త ముఖం చూడలేదు. తూర్పు మూల తెర తాను ఊడదీసిన సంగతి మామకు చెప్పింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. రామ్‌చందర్ మంచం మీద నుంచే ఆమెకేసి తిరిగాడు. ఇన్నాళ్లూ పోలీసులు గానీ, డాక్టరు గానీ, మేము గానీ, ఆ కొట్టంలో రోజూ మేత వేసే మనిషిని అడగాలని అనుకోని ప్రశ్న అతను అడిగాడు.

"ఆ తూర్పు దిక్కు ఐదింటికి ఏ బస్తా పెట్టినవు బిడ్డా?"

"కొత్తదే మామా. ఆ పొద్దున మూతి కోసి ముందుగాల వాటికే ఏసిన."

"మరి పాతది?"

"ముందురోజే ఒడిసిపోయింది."

ఆ ఉదయం పంతొమ్మిది బర్రెలూ తిన్నది వాహెద్ పంపిన కొత్త బస్తాలోని చెక్కే. తెర లేని చోట కట్టిన ఐదూ బతికాయి.